దివిసీమ జాయప యాదికున్నడు, ఇనుగుర్తి ఒద్దిరాజు ఏడి?

కూచిపూడిలో ఏ అరుగు మీద కూర్చున్న ముసలాయననైనా అడగండి, ఈ ఊరు మీకెవరిచ్చారని. గోలకొండ తానీషా అని తడుముకోకుండా చెప్తాడు. భాగవతుల ఆట చూసి, మెచ్చి, రాసిచ్చిన అగ్రహారం కథ మూడు వందల ఏళ్లుగా ఆ ఊరి నోట్లో నానుతూనే ఉంది. పక్కనున్న మొవ్వకు పోతే క్షేత్రయ్య. కృష్ణ ఒడ్డున శ్రీకాకుళానికి పోతే కృష్ణదేవరాయలు, ఆముక్తమాల్యద. బందరుకు పోతే 1902లో పుట్టిన కృష్ణాపత్రిక, 1910లో పెట్టిన జాతీయ కళాశాల, ముట్నూరి, కోపల్లె, పట్టాభి. ఆ డెల్టా తన మనుషులను లెక్కగట్టి పెట్టుకుంది. తన గడ్డ మీద పుట్టినవాణ్నే కాదు, దారిన పోతూ నాలుగు రోజులు ఆగినవాణ్ని కూడా వదులుకోలేదు. మేము ఎకసెక్కానికి చెప్తున్న ముచ్చట కాదు ఇది. యాది పెట్టుకోవడం ఎట్లనో అక్కడ నేర్చుకోవాలె.

ఇగ అదే ప్రశ్నను ఇటు తిప్పండి. కాజీపేటలో ప్యాసింజర్ ఎక్కి, కేసముద్రం దాకా పెట్టెలో ఉన్నవాళ్లందరినీ అడుగుతూ పోండి. ఒద్దిరాజు సీతారామచంద్రరావు ఎవరు? 'రుద్రమదేవి' నవల రాసిందెవరు? మొదటి ప్రశ్నకు తలలు అడ్డంగా ఊగుతాయి. రెండోదానికి ఒకరిద్దరు 2015లో వచ్చిన సినిమా పేరు చెప్తారు. తెలుగు ఎం.ఏ. చేసిన పిల్లలుంటే నోరి నరసింహశాస్త్రి అంటారు. అబద్ధం కాదు, ఆయనా రాశాడు. రేపల్లెలో వకీలు పని చేసుకుంటూ కాకతీయుల మీద ప్రేమతో రాశాడు. కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందు అదే రైలుపట్టా పక్కన, అదే కేసముద్రంలో దిగి పోవాల్సిన ఒక పల్లెలో కూర్చుని, ఒకాయన రుద్రమ కథను నవల చేశాడు. ఆ ఊరు ఇనుగుర్తి. ఆ పెట్టెలో కూర్చున్నవాళ్లలో సగం మంది దాని చుట్టుపక్కల ఊళ్లవాళ్లే అయి ఉంటారు.

ఒద్దిరాజు సోదరులు ఇద్దరు. పెద్దాయన సీతారామచంద్రరావు 1887లో పుట్టాడు. చిన్నాయన రాఘవరంగారావు. నిజాం ఏలుబడి. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ, 1918లో తెరిచిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉర్దూ. సరిగ్గా ఆ 1918లోనే ఈ అన్నదమ్ములు తమ పల్లెలో 'విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల' మొదలుపెట్టారు. పట్నంలో కాదు, హనుమకొండలో కాదు, ఇనుగుర్తిలో! అన్న 'రుద్రమదేవి' రాశాడు. తమ్ముడు 'వరాహముద్రిక', 'శౌర్యశక్తి' రాశాడు. ఠాగూరు నవల ఒకటి వాళ్ల చేతుల మీదుగా 'పడవ మునక'గా తెలుగులోకి వచ్చింది. 1922 ఆగస్టులో 'తెనుగు' వారపత్రిక పెట్టారు. రాసిందీ వాళ్లే, అక్షరాలు కూర్చిందీ వాళ్లే, అచ్చు కొట్టిందీ వాళ్లే. అదే నెలలో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' తెచ్చాడు. వీటికి తొమ్మిది నెలల ముందు, 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆ రాత్రి ఆంధ్రజనసంఘం పుట్టింది. పట్నంలో తెలుగు నోరెత్తితే నవ్వే కాలంలో, ఒక పల్లెటూరు తన పత్రికకు పేరే 'తెనుగు' అని పెట్టుకున్నది. ఆ తెగువ విలువ ఎంతో ఇవ్వాళ సోషల్ మీడియాలో పోస్టు పెట్టి ఉద్యమం చేశామనుకునే మనవాళ్లకు అందేది కాదు.

ఆ కాలానికి చారిత్రక నవల మామూలు సరుకు కాదు, వేడి వేడి సరుకు. దాని దారి ఎటునుంచి వచ్చిందో చూడాలె. గోదావరి ఒడ్డున చిలకమర్తి 1896లో 'హేమలత' రాశాడు. అందులో చిత్తూరు కోట, అల్లాఉద్దీన్ దండు. అంటే టాడ్ దొర రాసిన రాజస్థాన చరిత్ర నుంచి దిగిన గుర్రాలు. మన దగ్గర అప్పటికి ఇంగ్లీషు చదివినవాళ్లకు వాల్టర్ స్కాట్, బెంగాలీ మోజున్నవాళ్లకు బంకిం. తెలుగు నవల తొలి కత్తి తిప్పింది రాజపుత్రుల తరఫున! తెలుగువాళ్ల చరిత్రనే నవలలు చెయ్యండని పూనికపట్టి పోటీలు పెట్టి, బహుమతులిచ్చి, పుస్తకాలు అచ్చేసింది విజ్ఞాన చంద్రికా మండలి. కొమర్రాజు లక్ష్మణరావు పుణ్యం అది. ఆయనది కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు. మండలి పుట్టింది మాత్రం 1906లో, హైదరాబాదులో. రావిచెట్టు రంగారావు వంటి తెలంగాణ మనిషి భుజం పట్టిన సంస్థ అది. రెండేళ్లు తిరిగేసరికి మద్రాసుకు తరలిపోయింది. ఇక్కడ విత్తనం పడింది, అక్కడ కాపు కాసింది. ఈ మాట నీళ్ల గురించి కూడా చెప్పుకోవచ్చు, చెప్పుకుంటూనే ఉన్నాం.

మండలి తరలిపోయాక ఇనుగుర్తికి మిగిలింది ఏమిటి? మద్రాసు పోటీలూ బహుమతులూ ఎక్కడో దూరాన. దగ్గరున్నది ఓరుగల్లు కోట ఒక్కటే. సీతారామచంద్రరావు టాడ్ దొర గుర్రం అరువు తెచ్చుకోలేదు. తన ఊరి పక్కన కూలిపడి ఉన్న తోరణాల కింద నుంచి నడిచిపోయిన ఆడమనిషినే కథానాయికగా తీసుకున్నాడు. అప్పటికి రుద్రమ గురించి చరిత్రకారులకే తేటగా లేదు. మోటుపల్లి రేవుకు వచ్చిన మార్కోపోలో, ఈ రాజ్యాన్ని ఏలే రాణి చనిపోయిన రాజు భార్య అని రాసుకుపోయాడు. ఆమె గణపతిదేవుడి కూతురు, ఆయనే చేతికి కత్తినిచ్చి పట్టం కట్టాడన్నది శాసనాలు ఒకటొకటి చదువుతూ తేల్చుకున్న సంగతి. ఆమె మరణం ముచ్చట చెప్పే నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం, 1289 నవంబరు తేదీ వేసి ఉన్నది, ఆయన నవల రాసేనాటికి లోకం ఎరుకలోనే లేదు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్ర సంపుటాలు 1910 నుంచి అప్పుడప్పుడే వస్తున్నాయి. చేతిలో ఉన్నది ఆ కాస్త. దానితో ఒక పల్లెటూరి మనిషి ఏడు వందల ఏళ్ల కిందటి రాణిని తిరిగి గద్దె ఎక్కించబోయాడు. నిజాము ప్రభువు గద్దె మీద ఉండగా, ఓరుగల్లుకు కూడా ఒక గద్దె ఉండేది, దాని మీద ఒక ఆడబిడ్డ కూర్చున్నది అని గుర్తు చెయ్యడం ఉబుసుపోక రాత కాదు.

ఇప్పుడు దివిసీమకు వద్దాం. ఎందుకంటే మన వాదం అక్కడే తేలుతుంది.

1200 ప్రాంతంలో గణపతిదేవుడి సైన్యం దివిసీమను గెలిచింది. గెలిచినవాడు ఊళ్లు తగలబెట్టి పోలేదు. అక్కడి అయ్య వంశం ఆడపిల్లలు నారమ, పేరమలను పెళ్లాడాడు. వాళ్ల తమ్ముడు జాయపను చేరదీసి చదువు చెప్పించి ఏనుగుల దండుకు సేనాని చేశాడు. ఆ దివిసీమ పిల్లగాడు 1253-54లో 'నృత్తరత్నావళి' రాశాడు. కాకతీయుల నాటి ఆట ఎట్లుండేదో చెప్పే గ్రంథం అది. దాన్ని తెలంగాణ పరాయిదనలేదు. జాయప మాది అని చెప్పుకోవడానికి మాకు ఇవ్వాళ కూడా నామోషీ లేదు. ఆయన పుస్తకాన్నీ రామప్ప గోడల మీది శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ గజ్జె కట్టించి నిలబెట్టాడు. జాయప గ్రంథానికి 1965లో మద్రాసు నుంచి వి. రాఘవన్ పరిష్కరించిన ప్రతి వచ్చింది. తెలుగులో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనువాదం వచ్చింది. ఏడు వందల ఏళ్ల తాళపత్రం బతికి బట్టకట్టింది. వంద ఏళ్ల అచ్చు పుస్తకానికి ఆ యోగం పట్టలేదేం?

రుద్రమ తన చేత్తో ఇచ్చిన దానాన్ని కూడా చూడండి. మల్కాపురం శాసనం, 1261. కృష్ణ దక్షిణపు ఒడ్డున మందడం, వెలగపూడి గ్రామాలు విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి ధారపోశారు. అక్కడ గుడి, బడి, వైద్యశాల, ప్రసూతిశాల నడిచాయి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం కూర్చున్నది ఆ వెలగపూడిలోనే. అంటే ఓరుగల్లు రాణి ఇచ్చిన ఊళ్లో వాళ్ల రాజధాని ఉంది. సంతోషమే. దివిసీమ రైతుకూ ఇనుగుర్తి రైతుకూ ఎన్నడూ తగువు లేదు. తగువంతా ఎవరి పేరు పుస్తకంలోకి ఎక్కాలో తేల్చే కుర్చీల్లో కూర్చున్నవాళ్లతోనే.

కొందరు పెద్దమనుషులు అంటారు: మంచి పుస్తకమైతే అదే నిలబడేది, నిలబడలేదంటే పస లేదనే గదా! ఈ వాదం మేము ఉద్యమ కాలమంతా విన్నాం. కొలువుల గురించీ ఇదే వాదం, యాస గురించీ ఇదే వాదం. అయ్యా, పుస్తకం తన కాళ్ల మీద నిలబడదు. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు బందరు దాకా, దివి దాకా పారాయి. వరి పండింది, చేతిలో పైస మిగిలింది, ఆ పైసతో బళ్లు, కాలేజీలు, అచ్చుకూటాలు, చందాదారులు. నోబుల్ దొర బందరులో ఇంగ్లీషు బడి పెట్టింది 1843లోనే. కృష్ణాపత్రికలో ఒక పుస్తకానికి సమీక్ష వస్తే గుడివాడలో వకీలు, అవనిగడ్డలో పంతులు, చల్లపల్లిలో జమీందారు కొనేవాళ్లు. ఇనుగుర్తిలో అచ్చైన నవలను కొనాల్సిన మనిషి అప్పటికి ఉర్దూ బడిలో అలీఫ్, బే దిద్దుతున్నాడు. ఇక పసను కొలిచే తక్కెడ ఎక్కడిది? నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని ఒక పండితుడు రాస్తే సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి మొహాన కొట్టాడు. నవలకు అటువంటి సంచిక ఎవరూ తేలేదు.

మాట వచ్చింది గనుక ఒకటి ఒప్పుకోవాలె. కోస్తాలో బహుమతులు కొట్టిన చారిత్రక నవలలనూ ఇవ్వాళ ఎవరూ చదవడం లేదు. భోగరాజు నారాయణమూర్తి 'విమలాదేవి', కేతవరపు వెంకటశాస్త్రి 'రాయచూరు యుద్ధము', దుగ్గిరాల రాఘవచంద్రయ్య 'విజయనగర సామ్రాజ్యము' ఏ పుస్తకాల షాపులో అడిగినా మొహం వింతగా పెడతారు. అయితే తేడా ఉంది. అవి ఒకప్పుడు ఇంటింటా తిరిగి, పాఠాలై, పరిశోధనలై, ఆ తర్వాత అటక ఎక్కాయి. వాళ్లది చదివి మరిచిపోవడం. మనది చదవకముందే మరిచిపోబెట్టడం.

1956 విలీనం అన్నిటికీ ముద్ర వేసింది. ఆ ఏడాదే సీతారామచంద్రరావు కన్నుమూశాడు. ఆ తర్వాత తెలుగు నవల పుట్టుక అనే పాఠం ఒక్కటే పాఠం అయింది. రాజశేఖర చరిత్రతో మొదలై హేమలత మీదుగా నడుస్తుంది. మేము డిగ్రీలో చదివింది అదే. తడకమళ్ల వెంకటకృష్ణారావు 1866లో రాసిన 'కంబుకంధర చరిత్ర' అందులో లేదు, ఇనుగుర్తి లేదు, 'తెనుగు' పత్రిక లేదు. పరీక్షలో రాయనిదాన్ని కొలువుల పరీక్షలో అడగరు. కొలువు పరీక్షలో అడగనిదాన్ని ఎవరు చదువుతారు?

1985లో హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం పెట్టారు. దాని పీఠాల పంపకం చూస్తే చాలు, అసలు సంగతి అర్థమైపోతుంది. కూచిపూడికి శాస్త్రీయ నృత్యం. రాజమండ్రికి సాహిత్యం. శ్రీశైలానికి చరిత్ర, సంస్కృతి. మరి పాల్కురికి సోమన పుట్టిన, పోతన పొలం దున్నిన, నృత్తరత్నావళి వెలసిన వరంగల్లుకు? జానపదం, గిరిజనం! జానపదం తక్కువని మేమనం, మా ఒళ్లంతా జానపదమే. కానీ సాహిత్యం మీది, ఆటపాట మావి అనే చూపు ఏదైతే ఉందో, ఆ చూపుకు ప్రభుత్వ ముద్ర పడింది అక్కడ. అటువంటి చూపున్నవాళ్లకు ఇనుగుర్తిలో నవలాకారుడు ఉంటాడన్న ఊహ ఎట్లా వస్తుంది?

ఆ రాణి కథ మళ్లీ ఎవరి చేతుల్లోకి పోయిందో చూడండి. బందరు జాతీయ కళాశాలలో పనిచేసిన అడివి బాపిరాజు, తర్వాత హైదరాబాదు వచ్చి 'మీజాన్' తెలుగు పత్రిక నడిపాడు. ఆయన 'గోన గన్నారెడ్డి' మంచి నవల. పాలమూరు గన్నారెడ్డిని ఇంటింటి మనిషిని చేసింది ఆ నవలే. బాపిరాజు మీద మాకు గౌరవమే తప్ప పేచీ లేదు. కానీ గన్నారెడ్డిని తెలంగాణకు పరిచయం చేసింది కూడా కోస్తా రచయితే అని వేదికల మీద మైకు పట్టుకుని చెప్పే పెద్దలకు చెప్తున్నాం: రుద్రమ కథ కోసం ఈ గడ్డ ఎవరి రాక కోసమూ ఎదురుచూస్తూ కూర్చోలేదు.

మన ఉద్యమ మిత్రులు కొందరు ఇంకో వైపు నుంచి వస్తారు. రాజులు, రాణులు, కత్తులు, పెళ్లిళ్లు, ఈ ఫ్యూడల్ చెత్త మనకెందుకు, దాన్ని పోనీయండి అంటారు. నిజమే, ఆ కాలపు చారిత్రక నవలల్లో తురకవాడు కనిపిస్తే చాలు దుర్మార్గుడే. ఆ విషం ఏ పుస్తకంలో ఉన్నా ఉందని చెప్పాల్సిందే, ఇనుగుర్తిదైనా సరే, రాజమండ్రిదైనా సరే. కానీ చెప్పాలంటే ముందు చదవాలె గదా! పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించింది కూడా రాజులే. 2015లో చెరువుల పూడిక తీసినప్పుడు ఆ పథకానికి కాకతీయ పేరు పెట్టుకున్నాం, ఎవరికీ ఫ్యూడల్ అనిపించలేదు. 2024లో రాజముద్రలో కాకతీయ తోరణం తీసేస్తారన్న మాట వస్తే రోడ్ల మీదికి వచ్చాం. రాతి తోరణానికి అంత రోషం ఉంటే, ఆ తోరణం మీద రాసిన పుస్తకానికి ఎంత ఉండాలె?

2014 జూన్ 2 తర్వాత నెపాలు చెల్లవు. అకాడమీ మనది, గ్రంథాలయాలు మనవి, సిలబస్ కమిటీలో కూర్చునేవాళ్లు మనవాళ్లు. 'రుద్రమదేవి' సినిమాకు వినోదపు పన్ను మినహాయించిన ప్రభుత్వం మనదే. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టిందీ మన శాసనసభే. పేరు మారింది, కడుపు నిండింది. లోపలి పాఠం మారిందా? ఒద్దిరాజు సోదరుల మీద పరిశోధకులు ఒంటరిగా, చేతి డబ్బుతో తిరిగి రాసినవి ఉన్నాయి. వాళ్లకు దండం. వ్యక్తులు గంపలు మోస్తుంటే సంస్థలు దండలు వేసుకుంటున్నాయి. జయంతికి ఒక ప్రెస్‌నోట్, వర్ధంతికి ఒక ఫ్లెక్సీ. చేతికి ఒక పుస్తకం మాత్రం రాదు.

పైసలు లేవంటారేమో. విద్యార్థులారా, ఉద్యోగులారా, మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. గ్రంథాలయ పన్ను అని ఒక గీత ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు పుస్తకాల కోసం మీ దగ్గర వసూలు చేస్తున్నారు. ఆ సొమ్మును మున్సిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలంలో ఇవ్వవు, ఏళ్ల తరబడి బకాయి పెడతాయి. ఇది ఎవరికీ కొత్త సంగతి కాదు. ఆ పైస అడగడం మీ హక్కు.

అందుకని మేము అడిగేవి పెద్ద గొంతెమ్మ కోర్కెలు కావు. సీతారామచంద్రరావు 'రుద్రమదేవి', తమ్ముడి 'వరాహముద్రిక', 'శౌర్యశక్తి', దొరికిన 'తెనుగు' సంచికలతో కలిపి, మంచి పీఠికతో, విద్యార్థి కొనగలిగే ధరకు సాహిత్య అకాడమీ వెయ్యాలె. పీఠికలో చందుపట్ల, మల్కాపురం శాసనాలు పెట్టాలె. ఆయనకు తెలియనివి ఏవో, మనకు తెలిసినవి ఏవో పిల్లలకు కనిపించాలె. డిగ్రీ తెలుగు నవల పాఠంలో 1918, ఇనుగుర్తి అన్న రెండు మాటలు చేరాలె. 1904లో హనుమకొండలో పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం నుంచి మండల కేంద్రంలోని చిన్న గ్రంథాలయం దాకా ప్రతి చోటా ఒక ప్రతి ఉండాలె. కూచిపూడి నాట్యం నేర్చుకునే పిల్లలకూ, పేరిణి నేర్చుకునే పిల్లలకూ జాయప ఊరూ, రుద్రమ కోటా, ఇనుగుర్తి నవలా ఒకే పాఠంలో రావాలె. బందరు, గుడివాడ కాలేజీ గ్రంథాలయాలకూ ఆ పుస్తకం పంపాలె, తపాలా ఖర్చు మనదే.

వచ్చే వారం నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థ ఆఫీసుల ముందుకు పొయ్యేవాళ్లు ఇంటి పన్ను రసీదు జిరాక్సు, అడిగే పుస్తకం పేరు రాసిన దరఖాస్తు వెంట తీసుకుపోండి. దరఖాస్తు ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవడం మరవొద్దు.